కొమురన్న ఉపవాసం

ఏళ్లుగా ఈ బరువును మందిరంలోకి మోసుకెళ్లి, మళ్లీ ఇంటికి మోసుకొస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను.

మాది కోరుట్ల. సిరిసిల్ల మరమగ్గాలకు చిన్న బోర్డులు చేసేవాణ్ణి. పోగు తెగితే మగ్గాన్ని ఆపేవి. పోగు తెగిందని సెన్సర్ చెప్పేది బోర్డుకు అర్థం కావాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఉండాలి. అది నాకు ఎంతకీ కుదరలేదు. ప్రార్థించాను. తర్వాత ఇంటర్నెట్‌లో దొరికింది. ఎవరో తెలియని మనిషి దాన్ని రాసి, ప్రతి వరుసా వివరించి, అందరికీ ఉచితంగా పెట్టాడు. నా పేరు మాత్రం తీసేయకండి అన్నాడు. తీసేశాను.

ఆ ఆదివారం జగిత్యాల చర్చి మందిరంలో, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి లేచాను. ప్రభువే ప్రార్థనలో నాకిది చూపించాడన్నాను. ప్రార్థించిన మాట నిజమే కదా, ఆ మనిషి చేత రాయించిందీ ఆయనే కదా, ఇందులో అబద్ధమెక్కడుందని మోకాళ్ల మీద ఉండి కూడా వాదించుకున్నవాణ్ణి నేను.

బయటికి రాగానే కొమురన్న ఆపాడు. సిరిసిల్లలో ఆయన మగ్గాలన్నిటికీ నా బోర్డులే.

“తమ్మీ, గది ఎట్ల చేసినవో జర రాసియ్యరాదు? ఖరాబైతే మా మగ్గాల మేస్త్రే చూసుకుంటడు. ఊకె నిన్ను కోరుట్ల నుంచి ఏం గుంజుకొస్తం?”

“రాసిచ్చేది కాదన్నా. ప్రార్థనల దొరికింది.”

“గట్లనా? అయితే మా మేస్త్రిని ఉపవాసం ఉంచాలె. చాయ్ లేనిది వాడు మంచమే దిగడు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నా ముఖం చూసి ఆయన తల వంచుకున్నాడు.

“తప్పైంది తమ్మీ. దేవుడు నీకిచ్చినదాన్ని నేనడుగుడేంది.”

కొన్నాళ్లకు పాత రకం సెన్సర్లు దొరకక కొత్తవి పెట్టించాడు. వాటి మాట అందక బోర్డులు మగ్గాలను ఆపేశాయి. నేను కాలు విరిగి మంచం మీదున్నాను. యూనిఫాం గుడ్డ ఆర్డరుకు గడువు దగ్గరపడింది, మేస్త్రికి ఏదైనా దారి చెప్పమని కొమురన్న ఫోన్ చేశాడు. కొత్త సెన్సర్లకు ఏం మార్చాలో ఇంటర్నెట్‌లో ఆ మనిషి పెట్టిన పేజీలోనే ఉంది. లింకు పంపితే చాలు. పంపితే పైన ఆ పేరు కనబడుతుంది.

ప్రార్థన చేయండన్నాను.

ఆయన చేశాడు. ఆగిన మగ్గాల మధ్య చాప పరుచుకుని, ఉపవాసముండి, మేస్త్రిని ఒక్క బోర్డూ ముట్టనివ్వకుండా ప్రార్థించాడు. గడువు దాటింది. ఆర్డరు పోయింది. మగ్గాలను తుక్కు కింద అమ్మి, ఇప్పుడు వేరేవాళ్ల దగ్గర నేస్తున్నాడు. దేవుడు తనను పరీక్షించాడని సాక్ష్యం చెబుతాడు. ఆ ఉపవాసంలో నా కాలి కోసం కూడా ప్రార్థించాడట.

ఒక మనిషి పేరు చెరిపి, అక్కడ దేవుని పేరు పెట్టాను. ఇది దొంగతనమా? దైవదూషణా? ఈ ఉదయం ప్రోగ్రాం మొదటి వరుసలో ఆ పేరు తిరిగి రాశాను. మగ్గాలు తిరిగి రావు. కొమురన్నకు చెప్పడానికి నోరు ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. ఈ మాట మాత్రం ఇక నా ఒక్కడి లోపలే లేదు.