మఖ్మల్ సీటు మీద చెరువు

ఈ ఉదయం ఒక తప్పు చేశాను. మా చిన్నమ్మను ఒక్క మాటైనా అడగకుండా, ఆమె భర్త, మా కాక కారులో ముందు సీటు మీదున్న పాత పసుపు మరకను బట్టల సబ్బుతో రుద్దాను. కాక పోయినప్పటి నుంచి చిన్నమ్మ ఆ కారు ఎక్కలేదు. ఆదివారం మహేశ్వరంలో ఆమె చెల్లెలి ఇంట్లో పెళ్లి. నిన్న సాయంత్రం తనంతట తానే, "గా కార్లనే పోదాం తియ్. ఎన్నాళ్లని గట్లనే నిలవెడ్తం?" అంది. ఆ సంబరంలో, ఆమె కూర్చునే సీటు శుభ్రంగా ఉండాలని తెల్లారగానే బకెట్టు, బ్రష్షు పట్టుకుని బయల్దేరాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఏ ఇంట్లోవాళ్లకైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ చేతిలో బ్రష్షు ఉన్న ఉత్సాహంలో గుర్తు రాలేదు. నాలుగు రుద్దులకే మరక నెత్తురు రంగుకు తిరిగింది. గుడ్డ మీది నూగంతా తడిసిన కోడిపిల్ల ఈకల్లా ముద్ద కట్టింది.

చిన్నమ్మ చాయ్ గిలాస పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కారులోకి తొంగి చూసి, "గిదేం పని బిడ్డా?" అంది. అప్పుడైనా తప్పయిందని అనాల్సింది. నేనేమో, "పాత మరకకు గింత బాధ దేనికి చిన్నమ్మా?" అన్నాను. ఆమె గిలాస నా పక్కన గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపలినుంచే వినిపించింది: "ఐతారం నేను బస్సుల పోత. నువ్వు నీ కారు కడుక్కో."

ఆ మరక కథ చెప్పాలంటే మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల భూముల ధరలకు ఒక్కసారిగా రెక్కలొచ్చిన రోజుల్లోకి వెళ్లాలి. బొంగులూరు మీదుగా రింగురోడ్డు వస్తుందన్న మాట పుట్టగానే మా వైపు ప్రతి చేనుకూ ఒక పేరు, ఒక గేటు, గేటుకు రెండు జెండాలు వచ్చాయి. అంతకు ముందు దాకా ఎడ్ల బేరాలు చూసిన మా కాక ప్లాట్ల బేరంలోకి దిగాడు. తన చేను కూడా ఒక వెంచరులో కలిపి, హయత్‌నగర్‌లో ఎవరో వాడి వదిలేసిన పెద్ద కారు కొనుక్కొచ్చాడు. దానికి ఇంజను కన్నా సీట్లే గొప్ప. నిజం తోలు కాదు, మఖ్మలూ కాదు. జింక చర్మాన్ని లోపలి వైపు నుంచి తాకినట్టుండే నూగు గుడ్డ. కాక మాత్రం దాన్ని మఖ్మల్ అనే పిలిచేవాడు. ఎవరైనా కారెక్కబోతే, భుజం మీది తువ్వాలతో ముందు వాళ్ల వెనకభాగం దులిపేవాడు. ఆడా మగా ఎవరికీ మినహాయింపు లేదు. ఆడవాళ్లయితే తువ్వాల వాళ్ల చేతికే ఇచ్చేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషికి కోపం వచ్చి, "నేనేమన్న గడ్డివామిల పండుకున్ననని అనుకున్నవా?" అంటే, "నువ్వు పండుకున్నవో లేదో నాకెర్కలేదన్నా, నా మఖ్మల్‌కైతే గడ్డి వడది" అన్నాడు కాక.

ఆ గుడ్డకు ఒక గుణం ఉంది. వేలితో ఒకవైపు రాస్తే నల్లటి గీత పడుతుంది, అరచేత్తో తుడిస్తే మాయమవుతుంది. కాకకు చదువు రాదు. కొనేవాళ్లకు వెంచరు ఎక్కడో చెప్పడానికి కాగితాల మీది గీతలు ఆయనకు అర్థమయ్యేవి కావు. అందుకని కారు ఎడమ తలుపు తీసి, ముందు సీటు మీదే వేలితో రోడ్లు గీసేవాడు. "గిది సాగర్ రోడ్డు. గిట్ల తిరిగితె బొంగులూరు. గీడ నీ ప్లాటు." బేరం కుదిరినా కుదరకపోయినా అరచేత్తో ఒక్క తుడుపు. మళ్లీ మర్నాడు ఇంకొకరికి కొత్త ఊరు.

కారు కొన్న ఏడాది బోనాలకు, నెత్తిన బోనం పెట్టుకుని నడిచి వెళ్లాల్సిన చిన్నమ్మను కార్లోనే గుడి దగ్గర దింపుతానని పట్టుబట్టాడు. "అమ్మోరి కాడికి కార్ల పోతే నలుగురు నవ్వుతరు" అంది ఆమె. "నవ్వనియ్, నవ్వెటోళ్లకు కారున్నదా?" అన్నాడు. ఒళ్లో బోనం, చేతిలో పసుపునీళ్ల చెంబు పట్టుకుని ఆమె ముందు సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఊరు దాటకముందే ఒక గుంతలో చక్రం పడింది. బోనం నిలిచింది, చెంబు సీటు మీద ఒలికింది. చిన్నమ్మ ముఖం తెల్లబోయింది. వెనక కూర్చున్న నేను, ఇప్పుడు కాక తిడతాడనుకున్నాను. ఆయన బండి ఆపి మరక వైపు చాలాసేపు చూసి, "మంచిగైంది. నాకొక చెరువు తక్కువున్నది" అన్నాడు.

అప్పటి నుంచి ఆ మరకే ఇబ్రహీంపట్నం చెరువు. ఆయన గీసే రోడ్లన్నీ దాని ఒడ్డు నుంచే బయల్దేరేవి. అసలు చెరువులో ఆ ఏళ్లలో నీళ్లు అంతంతమాత్రమే. మా సీటు మీది చెరువు మాత్రం నిండుగా పచ్చగా ఉండేది. "అమ్మోరి పసుపును గూడ బేరంల దించినవ్" అని చిన్నమ్మ ఎత్తిపొడిచేది గానీ, బేరం కుదిరిన రోజు ఆమే ఆ చెరువుకు ఒకసారి చెయ్యి తాకించి కళ్లకద్దుకోవడం నేను చూశాను. ఏళ్ల తరబడి ఒకే వేలు తిరగడం వల్ల చెరువు పక్కన గుడ్డ నున్నగా అరిగి, నూగు లేని చిన్న బట్టతల ఏర్పడింది. ఇవన్నీ తెలిసి కూడా ఈ ఉదయం దాన్ని ఉత్త మరక అనుకున్నాను.

లోపలికి వెళ్లి చిన్నమ్మ ముందు నిలబడ్డాను. "తప్పయింది చిన్నమ్మా. నిన్ను అడగాల్సుండె" అన్నాను. ఆమె కూరగాయల బుట్టలోంచి రెండు నిమ్మకాయలు తీసి, ముఖం చూడకుండానే నా చేతిలో పెట్టింది. "రుద్దకు. అద్దు" అంది.

ముందు చల్లటి నీళ్లలో పిండిన గుడ్డతో సబ్బంతా అద్ది అద్ది తీశాను. తర్వాత నిమ్మరసం కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాకించాను. నా కళ్ల ముందే ఎరుపు వెనక్కి తగ్గి, అంచుల నుంచి పసుపు తిరిగి వచ్చింది. కారును ఎండలో పెట్టబోతుంటే చిన్నమ్మ కిటికీలోంచి కేకేసింది: "ఎండకు పసుపు ఎగిరిపోతది, నీడకు వెట్టు!" రేకుల పందిరి కిందికి తోసి, తలుపులు తీసి పెట్టాను. ఆరాక, కాక చొక్కాలకు వాడిన మెత్తటి బ్రష్షుతో ముద్దకట్టిన నూగును ఒకే వైపుకు, పసిపిల్ల తల దువ్వినంత నెమ్మదిగా దువ్వుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నూగు చాలావరకు లేచింది. కాక వేలు అరగదీసిన చోటు మాత్రం లేవలేదు. దాని జోలికి నేనూ పోలేదు.

పొద్దు వాలుతుండగా చిన్నమ్మ వచ్చింది. తలుపు పక్కన వంగి చూసింది. "చెరువు జర సన్నవడ్డది" అంది.

"అవ్ చిన్నమ్మా. నా వల్లనే."

"ఉన్నది గద, గంతె సాలు" అంటూ వేలు చాచి చెరువు ఒడ్డు నుంచి ఒక గీత గీసింది. ఆమె గీయడం నేనెప్పుడూ చూడలేదు. గీత బొంగులూరు వైపు కొంత దూరం పోయి, పక్కకు తిరిగి, ఒక చిన్న చదరంగా ముగిసింది. "గిది మన చేను. గీ మూలకు సీతాఫలం చెట్టుండె. మీ కాక అందరికి ప్లాట్లు గీసిండు గని, గిదొక్కటి ఎన్నడు గియ్యలే." ఆయన చేసినట్టు అరచేత్తో తుడుస్తుందనుకున్నాను. తుడవలేదు. "ఐతారం పొద్దుగాల్నే పోదాం. నేను గీడ్నే కూసుంట" అని లోపలికి వెళ్లింది.

ఆదివారం ఆమె ఆ చేను మీదే కూర్చుని మహేశ్వరం వస్తుంది. దిగేసరికి గీత ఉండదు. ఏదో ఒకనాటికి ఆ పసుపూ ఉండదు. అడగకుండా చెరిపే హక్కు కాలానికి ఉంటే ఉండొచ్చు, నాకైతే లేదు.