రుస్తాఖ్‌లో లచ్చవ్వ డ్యూటీ

ఈ రోజు మధ్యాహ్నం, గల్ఫ్‌లో రుస్తాఖ్ అనే ఊళ్లోని మా కిరాణా షాపుకు బలదియా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బలదియా అంటే ఇక్కడి మున్సిపాలిటీ. సైటు నుంచి వచ్చేవాళ్ల కోసం షాపు బయట నీళ్ల కుండ పెట్టాను, మూత మీద ఒక స్టీలు గ్లాసు. "అందరూ ఒకే గ్లాసుతో తాగితే జబ్బులొస్తాయి, తీసెయ్" అన్నాడు హిందీలో.

అప్పుడే వచ్చిన మేస్త్రీ నర్సన్న గాబరాపడ్డాడు. "సేటూ, కుండ తీస్తే మా గతేంది? ఈ ఎండల సీసాలు కొనుక్కొని ఎన్నని తాగుతం?"

నాకు చిన్ననాటి జగిత్యాల గుర్తొచ్చింది. ఎండాకాలం వస్తే మున్సిపాలిటీవాళ్లు బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టేవారు. అక్కడ గ్లాసే ఉండేది కాదు. అక్కడ డ్యూటీలో ఉండే లచ్చవ్వ చెంబుతో దోసిట్లో పోసేది, మనం చాలనేదాకా. కూలి అయినా తహసీల్దారు అయినా ఆమె ముందు వంగాల్సిందే.

గ్లాసు లోపల పడేసి, చెంబుతో నర్సన్న దోసిట్లో పోశాను. ఇన్‌స్పెక్టర్ కాసేపు చూసి, "సరే, కుండ ఉండనీ. ఫుట్‌పాత్ మీద నుంచి నీడలోకి జరుపు" అన్నాడు. వెళ్లబోయి ఆగి, తనూ వంగి దోసిలి పట్టాడు.

గ్లాసు లేదుగా, ఇక బేరం మధ్యలో లేచి లచ్చవ్వలా నీళ్లు పోయడమే నా పని. మీ ఊరి మున్సిపాలిటీ ఇంకా చలివేంద్రం పెడుతోందా? అక్కడ నీళ్లు పోసేదెవరో చెప్పండి.