తువ్వాల కింద మూడో చెయ్యి

దయ్యాలంటే నాకు నవ్వే వచ్చేది. చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి కూడా ఎవరినీ తోడు పిలిచేదాన్ని కాదు. అయితే ఆర్మూరులో మేమున్న ఇంటి సంగతి వస్తే మాత్రం కాస్త తగ్గి మాట్లాడతాను.

అది నిజాం జమానా, నలభైల నాటి మాట. నేను కొత్త కోడలిని. మా మామ పసుపు అడ్తిదారు. రైతులు తెచ్చిన పసుపును వర్తకులకు అమ్మిపెట్టడం ఆయన పని. అప్పట్లో ధర నోటితో చెప్పేవారు కాదు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కి బేరమాడేవారు.

ఆ ఇల్లు కట్టించింది గంగారాం సేటు. ఆయనా అడ్తిదారే. పిల్లలు లేకుండానే చనిపోతే ఇల్లు తమ్ముడి కొడుక్కి వచ్చింది. అతడు ఆ అరుగు మీదే అడ్తి పెట్టాడు. ఏడాది తిరగకముందే, కారణం చెప్పకుండా, కచేరీ గుమాస్తా ఖాదర్ సాబుకు అమ్మేశాడు. ఖాదర్ సాబు ఏళ్ల తరబడి హాయిగా ఉండి, బదిలీ అయ్యాక మాకు అమ్మాడు.

"మకాన్ మంచిగుంటది అన్నా, ఏం ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆయనకేం, పసుపు బేరాలు చేసిన మనిషా!

మాకు మొదటి పంటకే మొదలైంది. అరుగు మీద బేరం మధ్యలో వర్తకుడు ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"సేటూ, తువ్వాల కింద గా మూడో చెయ్యి ఎవల్ది?"

పొద్దున్నే కల్లు తాగొచ్చావా అని మామ కోప్పడ్డాడు. మరునాడు ఇంకో వర్తకుడిదీ అదే మాట. పైగా ఆ చెయ్యి ధర పెంచుతోందట! ఇది విని భీమ్‌గల్ రైతులు మా అరుగు ముందుకే బండ్లు తోలుకొచ్చారు. కొనేవాళ్లు మాత్రం రావడం మానేశారు.

మామ ఇల్లు అమ్మేస్తానన్నాడు. అత్త ప్రాణం విలవిలలాడింది. పెళ్లయినప్పటి నుంచి తోడికోడళ్ల మధ్య ఒక్క గదిలో నలిగిన మనిషి ఆమె. తన పొయ్యి తాను వెలిగించుకుంది ఈ ఇంట్లోనే. అన్నం మానేసి పడుకుంది. అయినా మామ వినలేదు.

ఇల్లు కొనడానికి ఇంకో అడ్తిదారు పట్టపగలే వచ్చాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని తువ్వాల కప్పుకున్నారు.

"ఇంటి బేరమన్న నోటితోటి చెప్పుకోరాదా?" అంది అత్త, తలుపు చాటు నుంచి.

"నోటితోటి చెప్తే బజార్ల నవ్వరా?" అని మామ కసిరాడు.

అంతలోనే ఆయన మొహం పాలిపోయింది. తువ్వాల తీసి చూస్తే, కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది. కొనేవాడు లాగాడు, హమాలీ లాగాడు. నేను ఆముదం తెచ్చి ఇచ్చాను. ఒక్క వేలూ విడలేదు. చివరికి, పుట్టి బుద్ధెరిగాక ఏ బేరమూ నోటితో చెప్పని మా మామ బజారంతా వినేటట్లు అరిచాడు.

"ఇల్లు అమ్ముడు లేదు! పో!"

వేళ్లు వాటంతటవే విడిపోయాయి. కొనేవాడు చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి మామ వర్తకుల దుకాణాలకే వెళ్లి బేరాలు చేసుకున్నాడు. ఇంట్లో మళ్లీ ఏమీ జరగలేదు. ఆ రోజు మామ చేతికి నరాలు పట్టేశాయని వైద్యుడు చెప్పాడు. సరే, ఆయనవి నరాలే అనుకుందాం. మరి వర్తకుల చేతులు పట్టుకున్నదెవరు? ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈ ఇంట్లో నీకు భయం లేదా అని ఒకసారి అత్తను అడిగాను. ఆమె పొయ్యి ఊదుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"భయమెందుకే? ఎవలైతేంది, గీ ఇంట్ల నా దిక్కు నిలబడెటోడు ఒక్కడన్న ఉన్నడు."