సులేమాన్ కొట్టిన రికార్డు

తణుకు దగ్గర మా ఊళ్లో శ్మశానం పక్కనున్న చెరుకు తోటకి రాత్రిపూట నీళ్లు కట్టాలంటే ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. నన్నే పంపేవారు. నేను ఈల వేసుకుంటూ వెళ్లి, గట్టు మీద తువ్వాలు పరుచుకుని పడుకునేవాణ్ణి. దెయ్యమని ఎవరైనా అంటే నలుగురిలో పట్టుకుని వాడి పరువు తీసేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఆ విషయంలో ఇప్పటికీ నేను మారలేదు. కానీ 2005లో షార్జాలో, రోలా దగ్గర మా గదిలో జరిగినదాన్ని మాత్రం ఎటు నుంచి చూసినా నాకు అంతుపట్టదు.

ఇన్నేళ్లకి ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా బావమరిదికి పాత వీడియో గేములు వెతికి ఆడే పిచ్చి ఉంది. మొన్న ఫోన్ చేసి, "బావా, ఎర్ర బూట్లు వేసుకుని పరిగెత్తేవాడి గేమ్ ఒకటి దొరికింది. దుబాయ్‌లో ఆడేవాణ్ణన్నావే, అదేనా? జనమంతా చెత్త అని రాశారు. ఆడొచ్చా, టైమ్ వేస్టా?" అన్నాడు. ఆడొచ్చా అంట! ఫోన్లో తేలే మాట కాదని, కూర్చుని రాస్తున్నాను.

అప్పుడు నా పని ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఎలక్ట్రికల్ కంపెనీ స్టోర్‌లో. పగటి డ్యూటీ. గదిలో ఐదుగురం, మంచాలు నాలుగే. ఎలాగంటారా? సులేమాన్‌కీ నాకూ కలిపి ఒకటే మంచం. అతను పక్కనే ఉన్న అజ్మాన్‌లో ఒక బేకరీలో రాత్రి డ్యూటీ చేసేవాడు. నేను పనికి పోయాక అతను పడుకునేవాడు, అతను పోయాక నేను. గల్ఫ్‌లో అలా గడిపినవాళ్లు వేలమంది ఉంటారు. ఏడాదిన్నర ఒకే మంచం మీద పడుకున్నాం గానీ, శుక్రవారం తప్ప ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకున్నది లేదు.

సులేమాన్‌ది రాయచోటి. నాకంటే నాలుగేళ్లు పెద్ద, పొట్టి మనిషి, పంతం మాత్రం బారెడు. ఇద్దరం కలిసి దుబాయ్ నైఫ్ బజార్లో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. షాపువాడు దాంతోపాటు ఒక సీడీ ఊరికే పడేశాడు, ఎవరూ కొనడం లేదని. దాని అసలు పేరుకి మాకు నోరు తిరిగేది కాదు. ఎర్ర బూట్ల గేమ్ అనుకునేవాళ్లం.

తుపాకీ గేములంటే గోడచాటున దాక్కుని, తొంగి చూసి కాల్చడం కదా? ఇందులో ఆ పప్పులుడకవు. రెండు సెకన్లు ఒకచోట నిలబడితే చాలు, మనవాడి ప్రాణం కారిపోవడం మొదలవుతుంది. పరిగెత్తాలి, దూకాలి, పరిగెత్తుతూనే కాల్చాలి. బొమ్మలు మొరటుగా ఉండేవి, కథ అనేది అసలు లేదు. కానీ ఆ వేగం ఉంది చూశారూ! ఒక లెవెల్ అయ్యేసరికి చొక్కా తడిసిపోయేది. లెవెల్ చివర ఎంత టైంలో ముగించామో పట్టీ వచ్చేది. దాంట్లో మన పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు కొట్టుకోవచ్చు. నాది 'రామ్', అతనిది 'సుల్'.

మా ఇద్దరి స్నేహమంతా ఆ పట్టీలోనే నడిచింది. మూడో లెవెల్ మా గోదా. ఒక పాత ఫ్యాక్టరీ, మధ్యలో పొడుగాటి ఇనుప బ్రిడ్జి, అవతల తలుపు. నేను సాయంత్రం ఒక టైం కొట్టి పడుకునేవాణ్ణి. అతను పొద్దున్న దాన్ని బద్దలుకొట్టి పడుకునేవాడు. పొద్దున్న నేను దిగుతుంటే అతను ఎక్కుతూ మెట్ల మీద ఎదురయ్యేవాడు. "ఏమప్పా, ఎంత?" అనేవాడు. నేను అంకె చెప్పేవాణ్ణి. అదే మాకు నమస్కారం, అదే సలాము.

గదిలో మాకు పెద్దదిక్కు సత్తిబాబన్న. అమలాపురం వైపు మనిషి, ఒక టైలరింగ్ షాపులో కట్టింగ్ మాస్టరు. ఆయనకి ఈ గేమ్ అంటే ఒళ్లు మంట. "ఆ ఎర్రబూట్లోడు ఎక్కడికిరా అలా పరిగెడతన్నాడు, బస్సు గానీ పోతందా? కాసేపు కూకోమను," అని వెక్కిరించేవాడు.

ఒక శనివారం పని నుంచి త్వరగా వచ్చి, సులేమాన్ స్నానానికి వెళ్లిన సందులో నేను రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు కొట్టాను. మూడు నిమిషాల లోపు రావడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం సులేమాన్ డ్యూటీకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర చెప్పాను. అతని మొహం మాడిపోయింది. చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, "రేపు చూడప్పా, ఆ టైం నిలబడనిచ్చేది ల్యా," అని దిగిపోయాడు.

ఆ రాత్రే అజ్మాన్‌లో వ్యాను దిగి రోడ్డు దాటుతుంటే అతన్ని కారు గుద్దింది. తలకి దెబ్బ. స్పృహ లేదు.

ఆదివారం, సోమవారం మేము గదికీ ఆస్పత్రికీ మధ్య పరిగెత్తాం. లోపలికి పోనిచ్చేవారు కాదు, గాజు అవతల నుంచి చూడాల్సిందే. ఈ మాట గుర్తుంచుకోండి, ఆ వారమంతా మాలో ఒక్కరం కూడా అతని చెవి దగ్గరికి వెళ్లలేదు. స్పృహ రావడం ఎంత ఆలస్యమైతే ఆశ అంత తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. రాయచోటి నుంచి అతని భార్య రహీమా రోజూ సాయంత్రం నా మొబైల్‌కి చేసేది. "అన్నా, కన్ను తెరిసినాడా?" అదొక్కటే అడిగేది. లేదమ్మా అనేవాణ్ణి.

మంగళవారం సాయంత్రం పని నుంచి వచ్చేసరికి కుర్చీలో తలగడ ఉంది.

సులేమాన్ పొట్టి కాబట్టి తలగడ మడిచి కుర్చీలో పెట్టుకుని దాని మీద కూర్చుని ఆడేవాడు. తీయమంటే తీసేవాడు కాదు. రోజూ వచ్చీరాగానే దాన్ని మంచం మీదికి విసిరేయడం నా పని. ఆ రోజూ అలవాటు చొప్పున విసిరేసి, అప్పుడు ఆగిపోయాను. పొద్దున్న ఆ తలగడ మీదే తల పెట్టి లేచినవాణ్ణి నేను. దాన్ని కుర్చీలోకి ఎవరు తెచ్చారు?

కంప్యూటర్ వేశాను. మూడో లెవెల్ పట్టీలో పైన 'సుల్', రెండు యాభై ఒకటి.

నాకు భయం వేయలేదు. మండుకొచ్చింది. ప్రాణాల మీద ఉన్న మనిషి పేరుతో పరాచికాలాడతారా అని గది దద్దరిల్లేలా అరిచాను. సత్తిబాబన్న తెల్లబోయి, "మా అమ్మ తోడురా రాంబాబూ, నాకు దాన్ని ఎలా నొక్కాలో కూడా తెల్దురా," అన్నాడు. అదీ నిజమే. మిగతా ఇద్దరూ సైట్ లేబర్, తెల్లవారకముందే బస్సెక్కి పొద్దుపోయాక వచ్చేవాళ్లు. పగలంతా గదికి తాళం. అందరూ పోయాక ఆ గదిలో ఉండే మనిషి సులేమాన్ ఒక్కడే.

సరే, చూద్దామని మర్నాడు మౌస్ ఊడదీసి నా సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పనికి పోయాను. సాయంత్రం వస్తుంటే బిల్డింగ్ వాచ్‌మన్, పెషావర్ పఠాన్, మెట్ల దగ్గర నన్ను ఆపాడు. ఈ రోజు మీలో ఎవరికి సెలవని హిందీలో అడిగాడు. మధ్యాహ్నం మీ తలుపు ముందు నుంచి పోతుంటే లోపల టకటకమని ఎవరో ఆడుతున్న చప్పుడు వినిపించిందన్నాడు.

రెండేసి మెట్లు ఎక్కాను. గది తాళం వేసినట్టే ఉంది. సూట్‌కేసు తాళమూ అంతే, మౌస్ అందులోనే ఉంది. కుర్చీలో తలగడ. 'సుల్', రెండు నలభై నాలుగు.

అప్పుడు నాలో ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. నాకు ఒక్కసారిగా హుషారొచ్చేసింది! ఒరే, ఇతను ఆడుతున్నాడ్రా! ఆడుతున్నాడంటే ఉన్నాడనేగా! మొహం కూడా కడుక్కోకుండా మౌస్ తగిలించి కూర్చున్నాను. అతనికి బద్దలుకొట్టడానికి ఒక టైం కావాలి. అది నేను ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆగిపోతాడు. ఆ గేమ్‌లో ఆగితే ఏమవుతుందో మా ఇద్దరికీ బాగా తెలుసు.

అంతకుముందు ఎప్పుడూ అలా ఆడలేదు. చచ్చాను, మళ్లీ మొదలెట్టాను, మళ్లీ చచ్చాను. రెండు నలభై రెండు వచ్చింది. గురువారం సాయంత్రానికి అది రెండు ముప్పై తొమ్మిది అయి కూర్చుంది, 'సుల్' పేరుతో. నేను కుర్చీ మీద నుంచి ఎగిరి అరిచాను. సత్తిబాబన్న కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. టీ పెట్టి తెచ్చి నా పక్కన పెట్టాడు. "ఆడరా. ఆణ్ణి ఆగనీకు," అన్నాడు.

అప్పుడే రహీమా ఫోన్. కన్ను తెరిచాడా అంది. నా నోటి నుంచి, "ఆడుతున్నాడమ్మా," అని జారిపోయింది. పిచ్చివాడిలా ఏం వాగానా అని నాలుక్కరుచుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం, "ఫోన్ చేస్తే ఆ ఆట గురించే చెప్తాడన్నా ఎప్పుడూ. ఆడనీ. నువ్వు కూడా ఇడిసిపెట్టద్దు," అంది.

గురువారం రాత్రి నేను రెండు ముప్పై ఏడు కొట్టాకే పడుకున్నాను. శుక్రవారం అందరికీ సెలవు. మధ్యాహ్నం దాకా నలుగురం గదిలోనే కాపలా ఉన్నాం, ఏమీ జరగలేదు. నాలుగింటికి తాళం వేసి ఆస్పత్రికి వెళ్లాం. ఏడింటికి వచ్చేసరికి రెండు ముప్పై ఐదు. ఇక చూడండి మా గదిలో సంబరం! సైట్ లేబర్ ఇద్దరూ ఈలలు. పక్క గది మలయాళీలు ఇండియా మ్యాచ్ ఏదైనా ఉందా అని వచ్చి తొంగి చూశారు. అందరూ నా వెనక నిలబడి, "యల్లా, యల్లా!" అని తరుముతుంటే రెండు ముప్పై ఒకటి కొట్టాను. ఇంతకంటే తగ్గించడం నా వల్ల కాదు, ఖలాస్. చేయగలిగిందంతా అదే.

శనివారం సాయంత్రం వచ్చి చూస్తే తలగడ మంచం మీదే ఉంది. పట్టీలో నా ముప్పై ఒకటి అలాగే ఉంది.

ఆదివారం కూడా అంతే.

ఆ రెండు రోజులు నేను పడిన నరకం పగవాడికి కూడా వద్దు. టైం మరీ ఎక్కువ తగ్గించేశానా? అందుకోలేక ఆగిపోయాడా? నా పంతంతో నేనే చంపుకున్నానా? కుర్చీ ఎదురుగా నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. దెయ్యాలు లేవని ఊరందరినీ ఎగతాళి చేసినవాణ్ణి, రా భాయ్, ఒక్కసారి రా అని ఖాళీ కుర్చీని బతిమాలాను. సత్తిబాబన్న నా వీపు మీద చెయ్యేసి, "ఒరే, ఆడు ఇక్కడ లేడంటే అక్కడ ఉన్నాడేమోరా," అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి నర్సు. వెంటనే రమ్మంది, ఎందుకో చెప్పకుండానే పెట్టేసింది. టాక్సీలో దారంతా నేను కళ్లు మూసుకునే కూర్చున్నాను.

ఆ రోజు మొదటిసారి గాజు దాటి లోపలికి పోనిచ్చారు. సులేమాన్ కళ్లు తెరిచి ఉన్నాయి. నిన్నటి నుంచి వేళ్లు కదుపుతున్నాడని నర్సు చెప్పింది. తల చుట్టూ కట్టు, పెదాలు ఎండిపోయి పగిలాయి. నేను చెయ్యి పట్టుకుంటే నన్ను అలా చూస్తూ ఉండిపోయాడు. పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"రెండు ముప్పై ఒకటా?" అన్నాడు.

మంచం పట్టుకుని ఇంకా వంగాను.

"బ్రిడ్జి మీద యాడికి పోతావప్పా. కిందికి దూకల్ల. పైపుంది," అని కళ్లు మూసుకున్నాడు. ఈసారి మామూలు నిద్రే అని నర్సు నవ్వుతూ చెప్పింది. నేను బయటికొచ్చి ముందు రహీమాకి ఫోన్ చేశాను. కన్ను తెరిచాడమ్మా, మాట్లాడాడు అన్నాను. అటు నుంచి ఏడుపు, ఇటు నుంచి ఏడుపు.

గదికొచ్చి చెమటలు కక్కుతూ కూర్చున్నాను. మూడో లెవెల్. ఏడాదిన్నరగా ఆ బ్రిడ్జి మీద వందలసార్లు పరిగెత్తాం. కిందకి దూకితే చావే అనుకునేవాళ్లం. మధ్యకి వచ్చాక కళ్లు చిట్లించి దూకేశాను. కాళ్ల కింద పైపు తగిలింది. చీకట్లో, బ్రిడ్జి నీడలో, నేరుగా తలుపు దాకా పోయే పైపు! రెండు పంతొమ్మిది. గదిలో అరుపులకి వాచ్‌మన్ పైకొచ్చాడు. పేరు అడిగితే నేను 'సుల్' అనే కొట్టాను. దారి అతనిది.

నెలన్నర తర్వాత సులేమాన్ గదికొచ్చాడు. వచ్చీరాగానే తలగడ మడిచి కుర్చీలో పెట్టుకుని పట్టీ తెరిచాడు. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూస్తూ, "నా పేరు మీద ఇవన్నీ ఎవరు కొట్టినారప్పా?" అన్నాడు. తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఆస్పత్రిలో నాతో ఏం చెప్పాడో కూడా అతనికి గుర్తు లేదు. ఆట మొదలెట్టాడు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. పాత పద్ధతిలోనే బ్రిడ్జి మీదుగా తలుపు వైపు పరిగెత్తాడు.

"భాయ్, కిందకి దూకు," అన్నాను.

అతను వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. "కింద దారుందా? నీకెవరు చెప్పినారప్పా?" అన్నాడు.

ఇప్పటికీ తలగడ, మౌస్, వాచ్‌మన్ విన్న చప్పుడు, ఆ ముప్పై ఒకటి, అన్నీ పక్కన పెట్టి ఒక్క పైపు గురించి ఆలోచించినా బుర్ర పనిచేయదు. సులేమాన్ ఇప్పుడు రాయచోటిలో సొంతంగా బేకరీ పెట్టుకున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా, "ఏమప్పా, ఎంత?" అనే ఎత్తుతాడు.

కాబట్టి బావమరిదీ, జనం ఏం రాస్తే నీకెందుకు. ఆడు. ఆగకుండా ఆడు. మూడో లెవెల్లో బ్రిడ్జి మధ్యకి వచ్చాక భయపడకుండా కిందకి దూకేయ్. పైపుంటుంది.