అడుగులో బెల్లం

ఏనుగు లద్దె ఎంతసేపటిదో తెలుసుకోవాలంటే మేమందరం పుల్లతో పొడిచి చూసేవాళ్లం. గంగులయ్య చెప్పు విడిచి, కాలి బొటనవేలు అందులోకి దింపేవాడు. వెచ్చగా తగిలితే, "గంట కూడా కాలేదప్పా. నోళ్లు మూసుకోండి" అనేవాడు. అతను ఆ పని చేసిన ఏడు సీజన్లలో ఆ బొటనవేలు తప్పు చెప్పగా ఎవరూ వినలేదు.

2002లో నేను మదనపల్లెలో డిగ్రీ మధ్యలో వదిలేసి, ఇంట్లో తిట్లు పడలేక, కుప్పం అడవి పక్కన ఈ పనిలో చేరాను. రాగి కోతల నుంచి నూర్పిళ్లు అయ్యేదాకా నాలుగు నెలల పని. ఏనుగుల జాడ పట్టి, అవి మళ్లిన ఊరికి ముందే చెప్పాలి. మాకు పెద్ద గంగులయ్య. నలభై దాటిన పొట్టి మనిషి. పొలం లేదు. భార్య చనిపోయాక అక్క బయ్యమ్మ ఇంట్లోనే తిండి, పడక. ఏడాదిలో ఎనిమిది నెలలు ఊళ్లో అతన్ని కుక్క కూడా పట్టించుకోదు. ఆ నాలుగు నెలలూ మాత్రం "గంగులన్న ఏం చెప్పినాడు?" అని అడుగుతారు.

"ఈ పని పోతే నన్ను పేరు పెట్టి పిలిచేవాడు యాడుంటాడప్పా?" అన్నాడు నాతో ఒకసారి.

పని లేని రోజు కూడా నన్ను గుట్టలన్నీ తిప్పేవాడు. ఒక చింతమాను మీద నా తలకంటే ఎత్తున బురద ఎండి ఉంది. "ఒంటికొమ్ము ఏనుగుది. ఎప్పుడూ ఎడమ పక్కే రుద్దుకుంటాది" అన్నాడు, పక్కింటివాడి సంగతి చెప్పినట్టు.

ఆ ఊళ్లలో చేనులో ఏనుగు అడుగు పడితే ఎవరూ తొక్కరు. వినాయకుడు కాలు పెట్టాడని చుట్టూ పసుపు కుంకుమ చల్లి, కర్పూరం వెలిగించి, అడుగులో బెల్లం, అరటిపండ్లు పెడతారు. గంగులయ్య కూడా దండం పెట్టేవాడు. అతని గొడవంతా బెల్లంతోనే.

డిసెంబరులో ఒంటికొమ్ము బయ్యమ్మ చేని గట్టు మీదుగా నడిచి పోయింది. మేం వెళ్లేసరికి ఆమె అడుగు నిండా బెల్లం, పండ్లు పెట్టేసింది.

"అక్కా, కర్పూరం చాలు. తీపి వద్దు. రుచి మరిగితే మళ్లా ఈడికే వస్తాది. బావ కళ్లంలో పండుకుంటాండాడు."

"మా అత్త పెట్టింది, నేనూ పెడతాండా. సామి తింటే నీకేం నొప్పిరా? నా కూడు తింటా నాకే సెప్పొచ్చినాడు!"

పక్కనే ఉన్న బావ మునిరత్నం నవ్వాడు. "రాగులు ఇంటికి రానీ, అప్పుడు నేనూ వస్తా. అందాకా నువ్వు పోయి లద్దె తొక్కుకోపో."

గంగులయ్య బెల్లం, పండ్లు గోనెసంచిలోకి ఎత్తి, అందరూ చూస్తుండగానే వాగులో పారేశాడు.

మూడో రోజు తెల్లవారుజామున ఒంటికొమ్ము వచ్చింది. మేం కళ్లానికి చేరేటప్పటికి కంబళి ఒక చోట ఉంది, మునిరత్నం ఒక చోట ఉన్నాడు. ఎత్తడానికి దుప్పటి నాలుగు కొసలూ పట్టుకోవాల్సి వచ్చింది.

"సామి నోటికాడ కూడు తీసినాడు. ఊరికే పోతాదా?" అన్నారు ఎవరో. బయ్యమ్మ పిడికెడు మట్టి తీసి తమ్ముడి ముఖాన కొట్టింది. "నా తాళి తెంపినావు గదరా!"

అప్పుడే నేను గట్టు వైపు చూశాను. అదే అడుగులో బెల్లం పొడి ఉంది, అరటి తొడిమలు ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ఆమె మళ్లీ పెట్టింది. కొత్త జాడలు అక్కడ ఆగి, అక్కడి నుంచి తిన్నగా కళ్లంలోకి పోయాయి. చెబుదామని నోరు తెరిచాను. గంగులయ్య కూడా చూశాడు. నాకంటే ముందు నడిచి వెళ్లి ఆ అడుగులో నిలబడ్డాడు. రెండు కాళ్లతో తొక్కి, బెల్లం మట్టిలో కలిసిపోయేదాకా రుద్దాడు.

"సూడండ్రా, ఇంకా తొక్కతాండాడు!" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

తర్వాత అందరూ కలిసి అతన్ని కొట్టారు. ముందు పన్ను ఒకటి పోయింది. మధ్యాహ్నం అటవీశాఖ ఆఫీసరు వచ్చి, ఊరు చల్లారాలని అతన్ని పనిలోంచి తీసేసి, ఆ చోట నన్ను పెట్టాడు. నేను వద్దనలేదు. నాకు నేటి లద్దెకూ నిన్నటి లద్దెకూ తేడా తెలియదు.

ఊళ్లో ఉండనివ్వకపోతే, అతన్ని బస్సు ఎక్కించేటప్పుడు అడిగాను. "యాల తొక్కినావన్నా? సూపించి ఉంటే సరిపోయేది గదా?"

"సూపిస్తే అక్క బావిలో దూకుతాది."

"మరి నీ పని?"

అతను రక్తం ఉమ్మి బస్సెక్కాడు.

2007లో కురబలకోట దగ్గర ఎవరివో గొర్రెలు కాస్తూ కనపడ్డాడు. గొర్రెల ఆసామి అతన్ని "ఏయ్" అని పిలుస్తున్నాడు.

"అక్క ఎట్లుండాది?" అన్నాడు నన్ను చూడగానే.

"ఉండాది."

"ఇంకా బెల్లం పెడతాందా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "పెడతాంది. నువ్వు తొక్కిన పాపం పోవాలని నీ పేరు సెప్పి పెడతాంది. ముందుకంటే ఎక్కువే."

పక్కకు పోతున్న గొర్రెను కర్రతో మందలోకి మళ్లించాడు. "కళ్లంలో ఎవురు పండుకుంటాండారు?"

"ఇంకెవురుండారు? ఆమే."

గంగులయ్య చేతికర్ర కింద పెట్టాడు. కుప్పానికి బస్సు ఎన్ని గంటలకని అడిగాడు.

"నిన్ను ఊళ్లోకి రానియ్యరన్నా" అన్నాను.

అవతల ఆసామి "ఏయ్" అన్నాడు. గంగులయ్య వంగి కర్ర తీసుకున్నాడు.