బాయి ఆరేసిన తెల్ల దుప్పటి

తడి దుప్పటి దులిపితే నీలిమందు వాసన, దాని వెనకే సన్నగా బొగ్గు వాసన. ఇప్పుడు నేనుండే బామ్నిలో మా డాబా మీద ఈ రెండూ కలిసిన పొద్దున నేను ఎక్కడున్నానో మరచిపోతాను. నేను పెరిగిన, బొగ్గు గనుల పక్కనున్న బాబుపేట్‌లో సుశీలా బాయి వరండాలో నిలబడి ఉంటాను.

మా మరాఠీ బడిలో టీచరమ్మను బాయి అనే పిలిచేవాళ్ళం. రాజురా వైపు తెలుగు రైతుల ఇంటి ఆడపడుచు ఆమె, మాకు డ్రాయింగ్ చెప్పేది. రిటైరయ్యాక చేతులకు వణుకు వచ్చింది. కుంచె మాట దేవుడెరుగు, చాయ్ గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకునేది. ఒంటరి మనిషి. బొమ్మలు కూడా పోతే ఎలా బతుకుతుందోనని నాకు భయంగా ఉండేది. అందుకే కాలేజీ అయ్యాక రోజూ వెళ్ళి కూర్చునేదాన్ని. మాది పక్కిల్లే, అమ్మ మా బట్టలతో పాటు ఆమె బట్టలూ ఉతికేది. ఆమె అడగలేదు, అమ్మ చెప్పలేదు, అలా జరిగిపోయేది.

ఒక మధ్యాహ్నం పాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని హంగరీ అనే దేశం గురించి చెప్పింది. అక్కడ ఒకప్పుడు సర్కారుకు నచ్చని చిత్రకారులకు బొమ్మలు చూపించుకోవడానికి హాలు దొరికేది కాదట. అయితే ఏం, ఆలోచనే బొమ్మ అన్నారు వాళ్ళు. కాగితం మీద ఒక వాక్యం, ఒక ఫోటో, వీధిలో ఏరుకొచ్చిన రాయి. వాటినే ఒకరికొకరు పోస్టులో పంపుకున్నారు. సరస్సు పక్కన పాత ప్రార్థనా మందిరంలో ఎండాకాలాల్లో జనానికి చూపించారు. చెబుతూ చెబుతూ బాయి కళ్ళు మూసుకుంది. ఆ సరస్సు నీళ్ళు వరండా మెట్ల దాకా వచ్చినట్టే అనిపించింది నాకు.

"గట్లయితే చెయ్యి పనిచెయ్యకున్నా బొమ్మ ఉంటది గద బిడ్డా," అంది.

మర్నాడే నాతో వరండా తాడు మీద ఒక తెల్ల దుప్పటి ఆరేయించింది. "ఈ ఊరి గాలే గీస్తది. నేను ఆలోచిస్త, అంతే."

రోజులు గడిచేకొద్దీ బొగ్గు దుమ్ము పట్టి దుప్పటి పొగరంగుకు తిరిగింది. స్తంభం చాటున ఉన్న చోట తెల్లటి చార మిగిలింది. ఒక పిచ్చుక అంచు మీద కాళ్ళ గుర్తులు వదిలి నడిచిపోయింది. బాయి కుర్చీలో కూర్చుని గంటలు గంటలు చూసేది. ఒక ఆదివారం సాయంత్రం చూడటానికి రమ్మని పాత టీచర్లందర్నీ పిలిచింది.

ఆ పొద్దున నేను వెళ్ళేసరికి తాడు మీద దుప్పటి తళతళా మెరిసిపోతోంది.

"ఇంటికి మంది వస్తుండ్రంట గద! గంత మసి చెద్దరు చూస్తే ఏమనుకుంటరు? మంచిగ జాడిచ్చి నీలిమందు పెట్టిన," అంది అమ్మ సంబరంగా.

"అయ్యో అమ్మా, ఆ మసే బొమ్మనే!"

అమ్మ ముఖం పాలిపోయింది. బాయి తడి అంచును చెంపకు ఆనించుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"ఉండనీ," అంది బాయి. "నువ్వు చూసినవ్ గద. వచ్చినోళ్ళకు చెప్పు."

సాయంత్రం తెల్ల దుప్పటి పక్కన నిలబడి చెప్పాను. ఇక్కడ చార, ఇక్కడ పిచ్చుక కాళ్ళు. టీచర్లు వంగి వంగి చూశారు. ఇంతలో వెనక నుంచి అమ్మ ముందుకొచ్చింది.

"గట్ల కాదు, గీ మూలకు ఇంకా నల్లగుండె. ఎంత రుద్దినా జల్ది పోలె," అంది వేలు పెట్టి చూపిస్తూ.

బాయి పడీ పడీ నవ్వింది.

ఇప్పుడు బాయి లేదు, ఆ దుప్పటీ లేదు. బామ్నిలో ఏ తెల్ల దుప్పటి ఆరేసినా నా వేలు మాత్రం పిచ్చుక నడిచిన చోటే ఆగుతుంది. అమ్మ అంత ఉతికినా ఆ బొమ్మ పోలేదు.