గోడ మీద లేని అక్షరాలు

ఇప్పుడు తెనాలి నుంచి రేపల్లెకు కరెంటు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వెళ్తుంటాను. కంట్లో నలుసు పడదు. మా నాన్న అదే దారిలో బొగ్గింజను మీద ఫైర్‌మన్. చిన్న ఇంజను అది. వెనకాల వేరే బొగ్గుపెట్టె లేకుండా బొగ్గూ నీళ్ళూ తనే మోసుకు తిరిగేది. రేపల్లెలో దాన్ని తిప్పే వీలు లేక, వచ్చేటప్పుడు వెనక్కే నడిచేది. ముందుకొచ్చిన బొగ్గు నుంచి దారి పొడుగునా పొడి తిన్నగా నాన్న కళ్ళలోకి కొట్టేది. ఇంటికి రాగానే అమ్మ ఆముదం చుక్క వేసి, చెంగుతో నలుసులు తీసేది.

నేను బడి మొహం చూడలేదు. నాన్నే బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించాడు. ఆ భిక్షకు ఇవాళ్టికీ పొద్దున్నే స్వామికి దణ్ణం పెట్టుకుంటాను.

ఆయనకు కళ్ళ పరీక్ష వచ్చింది. తప్పితే ఇంజను మీంచి దించేస్తారు. అప్పటికే గుమ్మంలో ఉన్నది అమ్మో నేనో ఆయనకు తెలిసేది కాదు. పక్క క్వార్టరు డ్రైవరు తన పరీక్షలో చూసిన బోర్డు అక్షరాలు వరసగా చెబితే రాసుకుని, నాన్నచేత వల్లె వేయించాను.

"తడుముకోకు నాన్నా, కనిపెట్టేస్తారు."

"అట్టాగేనండి పంతులమ్మగారూ."

పరీక్ష ముచ్చటంతా, తోడు వెళ్ళిన ఆ డ్రైవరే మా వాకిట్లో నిలబడి, నలుగురికీ వినపడేలా చెప్పాడు.

"'కానిద్దామా?' అన్నారు డాక్టరుగారు. అంతే, మావాడు పైనుంచి కిందదాకా గడగడా అప్పజెప్పేశాడు. 'గోడకి బోర్డు ఇంకా తగిలించనేలేదు, ఏం చదివావయ్యా?' అన్నారాయన!"

అందరూ విరగబడి నవ్వారు. నాన్నా నవ్వాడు. "మా పిల్ల బాగా నేర్పిందిలే," అన్నాడు.

ఆయన్ని షెడ్డులో బూడిద గుంట దగ్గర వేశారు. వచ్చిన ఇంజను కింద నిప్పులూ బూడిదా లాగి పోసే పని. ఉద్యోగంలోంచి అసలుకే తీసెయ్యలేదు, స్వామి దయ.

మొదటి రోజు మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకెళ్ళాను. గుంట మీద ఆయన పాత ఇంజనే ఆగి ఉంది. పైనుంచి కొత్త ఫైర్‌మన్ అరిచాడు.

"బాబాయ్, ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు!"

నాన్న నవ్వుతూ, ఎవరూ లేని నీళ్ళ పంపు వైపు తిరిగి "నాలుగు" అన్నాడు. గుంట చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆయన కూతుర్నని తెలిస్తే నన్నూ నవ్వుతారని, క్యారేజీ గట్టు మీద పెట్టి, పిలవకుండా వచ్చేశాను.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే అమ్మనడిగాడు.

"మధ్యాహ్నం క్యారేజీ రాలేదు, ఇవాళ పొయ్యి వెలిగించలేదా ఏంటే?"

అమ్మ నా వైపు చూసింది.